తెలుగు థెరపిస్టు కావాలి, కానీ తెలుగువాళ్ళకు తెలియకూడదు

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మా ఊరి వైపు వాళ్ళబ్బాయే. డాలస్ దగ్గర ఎమ్మెస్ చేసి, చదువయ్యాక ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం చేస్తున్నాడు. ముందు కారు ఇన్సూరెన్స్ గురించి అడిగాడు, తర్వాత క్రెడిట్ కార్డు గురించి. పావుగంట అటూ ఇటూ తిరిగి, "అక్కా, మీకు తెలిసిన థెరపిస్టు ఎవరైనా ఉన్నారా? నాక్కాదు, మా ఫ్రెండ్‌కి" అన్నాడు. ఆ ఫ్రెండ్‌కి తెలుగు మాట్లాడే మనిషి కావాలట. కానీ ఆ మనిషికి మన తెలుగువాళ్ళెవరూ పరిచయం ఉండకూడదట.

నేను నవ్వలేదు. పెళ్ళయి, భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకిచ్చే హెచ్4 వీసా మీద వచ్చిన అయిదో ఏట నేను వెతుక్కున్నదీ సరిగ్గా అలాంటి మనిషినే. దొరకలేదు. డాలస్ చుట్టూ ఉన్న ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో అంటే మనవాళ్ళకు ఇంచుమించు అమీర్‌పేటే. ఇంటికో వంట తెచ్చుకుని కలిసే ఒక పాట్‌లక్‌లో అన్న మాట ఇంకో పాట్‌లక్‌కి మనకన్నా ముందు చేరుతుంది. అందుకే పెళ్ళి, సెక్స్, గేనా కాదా అన్న మథనం లాంటివి మాట్లాడుకోవడానికి థెరపిస్టును ఎలా వెతకాలో చెప్పేముందు, ఎవరికి తెలుస్తుందనే భయం సంగతి చూద్దాం. అది తీరకపోతే మిగతాది ఎవరూ వినరు.

లైసెన్స్ ఉన్న థెరపిస్టు మీ మాటలు బయట చెప్పకూడదు. ఇది మర్యాద కాదు, చట్టం. గుళ్ళోనో ఉగాది ఫంక్షన్‌లోనో ఎదురుపడినా, మీరు పలకరిస్తే తప్ప వాళ్ళు పలకరించరు. వాళ్ళ చదువులోనే ఆ పాఠం ఉంది. తమ స్నేహితులను, చుట్టాలను పేషెంట్లుగా తీసుకోరు కూడా. మినహాయింపులు కొన్నే. మిమ్మల్ని మీరు చంపుకుంటారనో ఇంకొకరి ప్రాణం తీస్తారనో గట్టి అనుమానం వచ్చినా, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశించినా వాళ్ళు నోరు విప్పొచ్చు, కొన్నిసార్లు విప్పక తప్పదు. ఈ సంగతులన్నీ మొదటి రోజు సంతకం పెట్టించుకునే కాగితాల్లోనే ఉంటాయి. ఆ కాగితాలు చదవండి, అపార్ట్‌మెంట్ లీజులాగా చివరి పేజీకి వెళ్ళి సంతకం గీకేయకండి.

గుట్టు నిజంగా బయటపడేది వేరే దారిలో, పోస్టులో వచ్చే కవరుతో. ఇన్సూరెన్స్ వాడితే ప్రతి సెషన్ తర్వాత ఈవోబీ అనే కాగితం వస్తుంది. ఏ రోజు, ఎవరి దగ్గరికి, ఏ రకం సేవకు వెళ్ళారో, ఎంత బిల్లయిందో అందులో ఉంటుంది. మాట్లాడిన విషయం ఉండదు. చిక్కేమిటంటే, అది పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ళకు వెళ్తుంది. మీరు భర్త ఇన్సూరెన్స్‌లో ఉన్న హెచ్4 భార్య అయితే ఆయన చేతికి వెళ్తుంది. దీనికి రెండు దారులున్నాయి. ఆ కాగితాలు వేరే చిరునామాకు పంపమని ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా అడగొచ్చు. బయటపడితే మీకు ప్రమాదమని చెబితే వాళ్ళు ఒప్పుకోవాలి. లేదా పూర్తి ఫీజు మీ చేతి డబ్బుతో కట్టి, ఇన్సూరెన్స్‌కు చెప్పవద్దని థెరపిస్టునే అడగొచ్చు. రెండూ వైద్య సమాచారం గుట్టు కాపాడే హిపా చట్టం ఇచ్చిన హక్కులే. నాకు ఆ రోజుల్లో ఇవి తెలియవు. కవరు వచ్చింది, ఇంట్లో వారం రోజులు మాటల్లేవు.

ఇక వీసా. థెరపీకి వెళ్తే గ్రీన్‌కార్డు ఆగిపోతుందా అని ఏడాదికి ఇద్దరైనా అడుగుతారు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో డాక్టరు చూసేది, మానసిక వ్యాధితో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. భార్యాభర్తల గొడవ గురించో, నేనెవరన్న మథనం గురించో వారానికోసారి కూర్చుని మాట్లాడటం ఆ లెక్కలోకి రాదు. తాగి కారు నడిపి పట్టుబడటం వస్తుంది. మనవాళ్ళు దానికి భయపడరు, దీనికి భయపడతారు!

ఇప్పుడు తెలుగు సంగతి. సైకాలజీ టుడే డైరెక్టరీలో భాష దగ్గర తెలుగు అని పెట్టి వెతకొచ్చు. దక్షిణాసియా థెరపిస్టుల కోసం విడిగా ఒక డైరెక్టరీ ఉంది, సౌత్ ఏషియన్ థెరపిస్ట్స్ అని. న్యూజెర్సీ వైపు ఉంటే సామ్‌హిన్ సంస్థ ఉంది. పేర్లు దొరుకుతాయి. కానీ నా సలహా వేరు. మన దేశం మనిషైతే చాలు, తెలుగే అవ్వనక్కర్లేదు. నాకు చివరికి కుదిరింది ఒక గుజరాతీ ఆవిడ. అత్తగారు మూడు నెలలు వచ్చి ఉంటే ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకు విడమర్చి చెప్పక్కర్లేదు, అదే సమయంలో మా అత్తగారి చెల్లెలు ఆవిడకు తెలిసే అవకాశమూ లేదు. ఇంకో విషయం అప్పుడే తెలిసింది. పడకగది మాటలు నాకు తెలుగులో నోరు దాటవు. ఆ మాటలు తెలుగులో ఉంటే బూతులుగా ఉన్నాయి, కాకపోతే పరీక్ష పుస్తకంలా ఉన్నాయి. ఇంగ్లీషులో సిగ్గు లేకుండా చెప్పేశాను. ఏడుపు మాత్రం తెలుగులోనే వచ్చింది, ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆగమనలేదు.

ఆవిడకు ముందు ఒకరి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషే, ఇక్కడే పుట్టి పెరిగింది. అత్తగారి గురించి చెప్తే, వాళ్ళను హోటల్లో ఉండమని చెప్పండి అంది. మూడో వారం మానేశాను. అంతటితో థెరపీ మీదే నమ్మకం పోయి ఏడాది వృథా చేసుకున్నాను. ఒక దర్జీ జాకెట్టు పాడుచేస్తే ఇంకో దర్జీ దగ్గరికి వెళ్తాం గానీ జాకెట్లు తొడుక్కోవడం మానేయం కదా.

డిగ్రీల గందరగోళం త్వరగా తేల్చేద్దాం. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన డాక్టరు. మాట్లాడేవాళ్ళు సైకాలజిస్టులు, ఎల్‌పీసీలు అనే లైసెన్స్ ఉన్న కౌన్సెలర్లు, ఎల్‌సీఎస్‌డబ్ల్యూలు అనే సోషల్ వర్కర్లు, దాంపత్యం, కుటుంబం గురించే చదివిన ఎల్‌ఎమ్‌ఎఫ్‌టీలు. లైఫ్ కోచ్, రిలేషన్‌షిప్ హీలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, అది గుర్తుంచుకోండి. టెక్సాస్‌లో అయితే బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సైటులో పేరు కొడితే లైసెన్స్ కనబడుతుంది. వీడియోలో చూసే థెరపిస్టుకైనా మీరు ఆ నిమిషాన కూర్చున్న రాష్ట్రంలో అనుమతి ఉండాలి. అందుకే సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు చాలామంది సెషన్లు ఆపేస్తారు. కోపంతో కాదు.

చాలామంది మొదట పది పదిహేను నిమిషాలు ఉచితంగా ఫోన్‌లో మాట్లాడతారు. మనవాళ్ళు ఆ పావుగంటలోనే తమ కథంతా చెప్పేస్తారు. అలా కాదు, అది మీరు వాళ్ళను ఇంటర్వ్యూ చేసే టైము. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు చేసుకున్న జంటలను చూశారా? గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు మీ దగ్గరికి తరచూ వస్తారా, ఎప్పుడో ఒకరా? నేను గే అని అమ్మానాన్నలకు ఇప్పట్లో చెప్పను, దానికి మీరేమంటారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులో సగం మనిషి తెలిసిపోతాడు. చెప్పేస్తేనే స్వేచ్ఛ అని వెంటనే అనేవాళ్ళకు, చెల్లి పెళ్ళి కుదరాల్సిన ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు. ఎప్పటికీ చెప్పకండి అనేవాళ్ళకు మీ గురించి తెలియదు. మీకేం పోగొట్టుకునే భయం ఉందో ముందు చెప్పండి అన్నవాళ్ళ దగ్గర ఆగండి.

ఆ ఆకర్షణనే మారుస్తాం అన్నవాళ్ళ దగ్గర మాత్రం కుర్చీలో కూడా కూర్చోకండి. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జాబితా నుంచి తీసేసింది 1973లో. మనం చాలామందిమి అప్పటికి పుట్టలేదు. "ఒకసారి ఇంటికి రా, హైదరాబాద్‌లో మంచి డాక్టరుకు చూపిద్దాం, పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అని అమ్మ ఫోన్ చేస్తే చెప్పడానికి ఇంకో రెండు సంగతులు ఉంచుకోండి. 2018 సెప్టెంబర్ 6న ఇండియా సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ నుంచి పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. అలా మార్చే వైద్యం చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన తప్పు అని 2022లో అక్కడి నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. అంటే అమ్మ చూపించాలనుకుంటున్న ఆ మంచి డాక్టరు నిజంగా మంచి డాక్టరైతే ఆ పని చేయడు. ఇలా ఇంటికి వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చిన ఒకబ్బాయి నాకు తెలుసు. ఆ పెళ్ళిలో ఇంకో మనిషి కూడా ఉంది. ఆ అమ్మాయి రెండేళ్ళు తనలోనే ఏదో లోపం ఉందనుకుంది.

ఇప్పటికే పెళ్ళయి ఈ విషయం లోపల దాచుకున్నవాళ్ళు జంటగా కౌన్సెలింగ్‌కి వెళ్ళేముందు ఒకటి అడగండి. విడిగా చెప్పిన రహస్యాన్ని మీరు మా ఆవిడ దగ్గర దాస్తారా? చాలామంది జంటల థెరపిస్టులు దాచరు, ఆ నియమం ముందే చెప్తారు. అందుకని ముందు మీకొక్కరికే వేరే థెరపిస్టును చూసుకుని, అక్కడ కాస్త తేల్చుకుని, అప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళండి.

మన వైపు గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల్లో మన మనిషి అనిపించే నలుగురు కావాలంటే, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ట్రైకోన్ అనే సంస్థ 1986 నుంచీ ఉంది. న్యూయార్క్‌లో సాల్గా ఉంది. తల్లిదండ్రుల కోసం దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ ఉంది. బిడ్డ చెప్పిన రోజు తల్లికి కూడా మాట్లాడే మనిషి కావాలి, ఆవిడకు పాట్‌లక్‌లో దొరకదు. ఇరవై అయిదేళ్ళలోపు వాళ్ళకు ట్రెవర్ ప్రాజెక్ట్ హెల్ప్‌లైను ఉంది. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి ఎవరైనా సరే 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు.

శోభనం జరగని పెళ్ళిళ్ళ గురించి ఎవరూ రాయరు, కానీ నన్ను ఎక్కువమంది అడిగింది అదే. సెక్స్ థెరపీ అంటే మన ఊళ్ళ రైల్వే స్టేషన్ గోడల మీద "నిరాశ చెందకండి" అని రాసి ఉండే డాక్టర్లు గుర్తొస్తారు. ఇది అది కాదు. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని ముట్టుకోరు, బట్టలు తీయమనరు. మాటలే. ఇంటికి వెళ్ళి ఇద్దరూ చేయాల్సిన హోంవర్క్ ఇస్తారు, మొదట్లో అందులో సెక్స్ వద్దనే చెప్తారు. ఎదురుగా ఉన్నవాళ్ళు ముట్టుకోబోతే లేచి వచ్చేయండి, లైసెన్స్ బోర్డుకు ఫిర్యాదు చేయండి. ఆసెక్ట్ అనే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను చూసుకోవడం మేలు. అయితే ముందు మామూలు డాక్టరు. మగవాళ్ళకు షుగర్, థైరాయిడ్, బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆడవాళ్ళకు కలిసినప్పుడల్లా కండరాలు బిగుసుకుపోయి భరించలేని నొప్పి వస్తుంటే దానికి వెజైనిస్మస్ అని పేరుంది, వైద్యముంది. పెల్విక్ ఫ్లోర్ ఫిజికల్ థెరపిస్టులు దాని మీదే పని చేస్తారు. "భయం, అదే పోతుంది" అని వదినలు చెప్పే మాట విని మూడేళ్ళు ఓర్చుకున్న అమ్మాయికి ఈ పేరు చెప్పినప్పుడు, పేరుందా అక్కా దీనికి, అని ఫోన్‌లోనే ఏడ్చింది.

డబ్బు. చదువుకుంటున్నవాళ్ళయితే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళండి, దాదాపు అన్నిచోట్లా అది మీ ఫీజులోనే ఉంటుంది. ఉద్యోగం ఉంటే హెచ్‌ఆర్ పేజీలో ఈఏపీ అని వెతకండి, అది ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ సాయం, కొన్ని సెషన్లు ఉచితం. మీరు వెళ్ళిన సంగతి మేనేజరుకు తెలియదు. బయట చేతి డబ్బుతో అయితే సెషన్‌కి 100 నుంచి 250 డాలర్ల దాకా అడుగుతారు. ఆ సెషన్ గంట కూడా కాదు, ఇంచుమించు 50 నిమిషాలు. ఆదాయాన్ని బట్టి తగ్గించమని అడగండి, స్లైడింగ్ స్కేల్ అంటారు. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఓపెన్ పాత్ అనే సంస్థలో ఒకసారి సభ్యత్వం కడితే తక్కువ రేటుకు చూసేవాళ్ళు దొరుకుతారు. టెక్సాస్‌లో ఎల్‌పీసీ అసోసియేట్ అని ఉంటారు, సీనియర్ పర్యవేక్షణలో పని చేసే కొత్తవాళ్ళు, ఫీజు తక్కువ. జంటగా వెళ్ళేదానికి చాలా ఇన్సూరెన్సులు డబ్బివ్వవు, వాళ్ళకు ఒకరి పేరున జబ్బు కోడ్ కావాలి. సెషన్ బుక్ చేసేముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చెయ్యి చేసుకునే ఇంట్లో మాత్రం జంటగా కౌన్సెలింగ్‌కి వెళ్ళొద్దు. అక్కడ చెప్పిన నిజానికి కారులో దెబ్బలు పడతాయి. ఇలాంటి ఇళ్ళలో చిక్కుకున్న మన వైపు ఆడవాళ్ళకు సాయపడే సంస్థలు హ్యూస్టన్‌లో దయా, అట్లాంటాలో రక్ష, న్యూజెర్సీలో మానవి ఉన్నాయి. ముందు వాళ్ళకు ఫోన్ చేయండి, అది కూడా ఆయన బిల్లు చూసే ఫోన్ నుంచి కాదు.

ఆ కుర్రాడికి ఇదంతా ఒక్కసారి చెప్పలేదు. మూడు పేర్లు ఎలా వెతుక్కోవాలో చెప్పి, ఆ పావుగంటలో అడగాల్సినవి వాట్సాప్‌లో పంపాను. మొదటి ఇద్దరూ కుదరలేదని మెసేజ్ పెట్టాడు. ఒకావిడ కొత్తవాళ్ళను తీసుకోవట్లేదు, ఇంకొకాయన యోగా చేయమన్నాడు. నిన్న సాయంత్రం మళ్ళీ రాశాడు. "అక్కా, ఫ్రెండ్‌కి గురువారం ఆరింటికి దొరికింది. ఆవిడ తమిళ్."

పది నిమిషాలు ముందు వెళ్ళమను, ఫారాలు చాలా ఉంటాయి అని జవాబిచ్చాను.