ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్సలో వీర్యకణాలు దొరకవా?

రాజాం నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది: వీర్య పరీక్షలో కణాలు లేవన్నారు, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే, కణాల తయారీని ప్రేరేపించే హార్మోన్ 24 వచ్చింది, మైక్రో టీసీ (వృషణాన్ని తెరిచి మైక్రోస్కోప్‌తో కణాలను వెతికే శస్త్రచికిత్స) చేయిస్తే కణాలు దొరుకుతాయో లేదో ముందే చెప్పే పరీక్ష ఏదైనా ఉందా? దొరుకుతాయని హామీ ఇచ్చే పరీక్ష లేదు. దొరకవని దాదాపు ఖాయంగా చెప్పగలిగేది మాత్రం ఒకటి ఉంది. ఇదే సమస్యతో శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా తిరిగినవాణ్ని కనుక వివరంగా రాస్తున్నాను.

వృషణాల్లో కణాల తయారీ మందగిస్తే అక్కడి నుంచి వచ్చే ఇన్హిబిన్ బి అనే హార్మోన్ తగ్గుతుంది. దానితో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఇంకా ఎక్కువగా విడుదల చేస్తుంది. అది 7.6 దాటి, వృషణం పొడవు 4.6 సెంటీమీటర్లకు లోపు ఉంటే, సమస్య నాళంలో అడ్డంకి కాదని, తయారీలోనే లోపమని వైద్యులు భావిస్తారు. ఆ అంకె చెప్పగలిగేది అంతవరకే. వేసవిలో చెరువంతా ఎండినా ఏదో ఒక మూల మడుగు మిగిలినట్టు, వృషణంలో కణాలు తయారయ్యే చిన్న చిన్న చోట్లు మిగిలి ఉండవచ్చు. సర్జన్ మైక్రోస్కోప్‌తో వెతికేది వాటినే. నా ఎఫ్‌ఎస్‌హెచ్ 28 చూసి ఒక డాక్టరు దాత వీర్యం తప్ప దారి లేదన్నారు, కానీ తరువాత శస్త్రచికిత్సలో కణాలు దొరికాయి. నాకు దొరికాయని అందరికీ దొరుకుతాయనుకోకండి. ఇలాంటి వారిలో సుమారు సగం మందికే దొరుకుతాయి. మరోవైపు, కణాల ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన కొందరిలో ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగానే ఉన్నా ఒక్క కణమూ దొరకదు.

మీరు ముందుగా చేయించవలసినది వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ పరీక్ష, అంటే వై క్రోమోజోమ్‌లో కణాల తయారీకి కావలసిన చిన్న భాగాలు లోపించాయేమో చూసే రక్తపరీక్ష. నాకు రక్తం శ్రీకాకుళంలోనే తీసుకుని బయటి ల్యాబుకు పంపారు. రిపోర్టుకు కొన్ని వారాలు పట్టింది. అందులో ఏజెడ్‌ఎఫ్ ఎ, బి, సి అనే మూడు భాగాలను విడివిడిగా రాశారో లేదో చూడండి. ఎ గాని బి గాని పూర్తిగా లోపిస్తే కణాలు దాదాపు దొరకవు కనుక శస్త్రచికిత్స వద్దంటారు, ఆ ఖర్చూ బాధా తప్పుతాయి. సి ఒక్కటే లోపిస్తే సగం మందిలోనైనా కణాలు దొరికే అవకాశం ఉంటుంది, కాని పుట్టే మగబిడ్డకు అదే లోపం సంక్రమిస్తుంది. నాది సి లోపమే; అందువల్ల శస్త్రచికిత్స కంటే ఆ సంగతి మా ఆవిడతో మాట్లాడుకోవడమే నాకు కష్టమైంది. దీనితోపాటు కేరియోటైప్ (క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) కూడా చేయించండి. 47,ఎక్స్‌ఎక్స్‌వై అని, అంటే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉందని వచ్చినా దారి మూసుకుపోదు, వారిలోనూ పదిమందిలో నలుగురికి అటూఇటూగా దొరుకుతాయి.

వీర్యంలోని టెక్స్101 అనే ప్రోటీన్ కణాలు దొరుకుతాయో లేదో ముందే అంచనా వేయడానికి పనికిరావచ్చని 2013లో టొరంటో పరిశోధకులు ప్రచురించారు. ఆసక్తికరమైన విషయమే, కాని దాన్ని నమ్మి నిర్ణయం తీసుకునే దశ ఇంకా రాలేదు.

ఈలోగా బలం కోసమని ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు రాస్తే వేయించుకోకండి, అవి ఉన్న కాస్త తయారీనీ ఆపేస్తాయి. వీర్య పరీక్ష కనీసం రెండుసార్లు, శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినది చూసే ల్యాబులోనే చేయించండి. ఆపరేషన్ రోజు ఉదయం కూడా ఒకసారి అలా చూడమని అడగండి. అరుదుగానైనా అందులో కొన్ని కణాలు కనిపించి, కోత అవసరమే లేకపోవచ్చు.