మాస్క్ పెట్టాక మొదటి గంట

అమ్మలూ,

పర్లాకిమిడి ఆసుపత్రిలో నీకు ఐసీయూ డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. వైరల్ నిమోనియా కేసులు ఎక్కువయ్యాయని, మాస్క్‌లోంచి ప్రెషర్‌తో గాలి పంపి ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ దగ్గరికి వెళ్లాలంటే నీకు టెన్షన్‌గా ఉందని కూడా చెప్పింది. చాలా ఏళ్లు ఆ వార్డుల్లోనే పనిచేసిన అత్తగా నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆక్సీమీటర్ 92 చూపించగానే చుట్టూ ఉన్నవాళ్లు స్థిమితపడతారు. నువ్వు మాత్రం ఛాతీ వైపు చూడు. శ్వాసలు నిమిషం నిండా లెక్కపెట్టు, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకు. హైఫ్లో (ముక్కు గొట్టాల్లోంచి ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇవ్వడం) మీద ఉన్నవాళ్లకి రాక్స్ లెక్క కట్టు, మనిషి ఆ ఆక్సిజన్‌తో నెట్టుకురాగలడో లేదో చెప్పే అంకె అది. 60 శాతం ఆక్సిజన్ మీద శాచురేషన్ 92 ఉంటే, 92ని 0.6తో భాగించి, వచ్చినదాన్ని శ్వాసల సంఖ్యతో భాగించాలి. శ్వాస 30 అయితే 5.1 వస్తుంది. అదే 92 మీద శ్వాస 38 అయితే 4 వస్తుంది. మొదటి రోజంతా 4.88కి తగ్గకపోతే కొంత ధైర్యం. 12 గంటలప్పుడు 3.85 కంటే తక్కువుంటే గొంతులోంచి ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టాల్సి వచ్చే ప్రమాదం ఎక్కువ. డాక్టర్‌ని నిద్రలేపడానికి మొహమాటపడకు.

సీపాప్, అంటే మాస్క్‌తోనే పీల్చినా వదిలినా ఒకే ప్రెషర్ ఇవ్వడం, దానివల్ల నిజంగా లాభం ఉందా అని అడిగావట. ఉంది. బ్రిటన్‌లో కోవిడ్ రోగుల మీద చేసిన రికవరీ ఆర్ఎస్ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో నెలలోపు ట్యూబ్ పడినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి నూటికి 44 మంది. సీపాప్ ఇచ్చినవాళ్లలో 36 మంది. ఆ ట్రయల్‌లో హైఫ్లోకి అంత తేడా కనపడలేదు.

అయితే ఆ లాభం దక్కాలంటే మనిషి మాస్క్ ఓర్చుకోవాలి. ఊపిరాడక భయపడుతున్నవాడి ముఖానికి ఒక్కసారిగా పట్టీలు బిగిస్తే పీకి పారేస్తాడు. ముందు మాస్క్‌ని నీ చేత్తోనే ముఖానికి ఆనించి పట్టుకో. ప్రెషర్ 5 దగ్గర మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా పెంచు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ముక్కు దూలం మీద ముందే డ్రెస్సింగ్ అంటించు, పుండు పడ్డాక అంటిస్తే లాభం లేదు. గుమ్మ వైపు కొండల నుంచి వచ్చే సవర ముసలమ్మలకి మన తెలుగూ ఒడియా రెండూ సరిగ్గా అందవు, పైగా మాస్క్‌లోంచి మాట బయటికి రాదు. దాహానికి, నొప్పికి, వాంతికి చేతి సైగలు ముందే నేర్పు. వాంతి సైగ చెయ్యగానే ముందు మాస్క్ తీసెయ్, మిగతావి తర్వాత. మత్తుగా జోగుతున్న మనిషికి మాస్క్ పెట్టి పక్కకి వెళ్లడం చాలా ప్రమాదం. ఆ మొదటి గంట వేరే పని ఏదీ ఒప్పుకోకు, ఇన్‌చార్జి సిస్టర్‌తో ముందే మాట్లాడుకో.

తెలివిలో ఉండి, తిరగగలిగినవాళ్లని బోర్లా పడుకోబెట్టు. కోవిడ్‌లో హైఫ్లో మీద ఉన్న కొందరికి దీనివల్ల ట్యూబ్ తప్పింది. పూర్తిగా బోర్లా కుదరకపోతే పక్కకైనా తిప్పు.

ఇక సిలిండర్ల సంగతి. మన జిల్లాలో అసలు చిక్కు అక్కడే వస్తుంది. జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు పడుతుంది. హైఫ్లో నిమిషానికి 60 లీటర్ల మీద, 60 శాతం ఆక్సిజన్‌తో నడిస్తే అందులో 30 లీటర్ల దాకా సిలిండర్ నుంచే పోతుంది, మిగతాది మామూలు గాలి. అంటే నాలుగు గంటలు కూడా రాదు. రాత్రి డ్యూటీ మొదట్లోనే నిండువి ఎన్ని ఉన్నాయో నీ కళ్లతో చూసుకో.

బరంపురమైనా విశాఖ అయినా దారిలో గంటలు పడుతుంది. కాబట్టి పెద్దాసుపత్రికి పంపే మాట, మనిషి ఇంకా మాట్లాడగలుగుతున్నప్పుడే ఎత్తు. 1,500 లీటర్ల చిన్న సిలిండర్ నిమిషానికి 15 లీటర్ల మీద వంద నిమిషాలే వస్తుంది, అందుకని ప్రయాణానికి రెట్టింపు పెట్టించు. అవతల బెడ్ ఉందని ఫోన్‌లో ఖాయం చేసుకున్నాకే బండి కదలాలి. రిఫరల్ చీటీలో శ్వాసల సంఖ్య, ఆక్సిజన్ శాతం, ప్రెషర్, మాస్క్ పెట్టిన టైమ్ ఇంగ్లీషులో రాయించు. ఒడియాలో రాస్తే విశాఖలో చదివేవాళ్లు దొరకరు.

మీ అత్త