ఇంట్లో ఎవరికీ స్కీయింగ్ రాకపోయినా పిల్లలతో ఒక్కరోజు స్కీ రిసార్ట్‌కి వెళ్లొచ్చా, డబ్బు దండగేనా?

వెళ్లొచ్చు. కాకపోతే పిల్లలకు స్కీయింగ్ మీరు నేర్పనని ముందే ఒట్టు పెట్టుకోండి.

ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, స్కీలు ఎప్పుడూ ముట్టని మీరిద్దరూ, చేతిలో ఒక్కరోజే సెలవు. దండగవుతుందా అని మీరు అడిగితే నేను ఒట్లు పెట్టించుకుంటున్నానేంటి అనుకోకండి. దండగయ్యేదీ కానిదీ ఆ ఒట్టు దగ్గరే తేలిపోతుందని నా గట్టి నమ్మకం. మొత్తం రెండుసార్లు వెళ్లినవాడికి అంత గట్టి నమ్మకం ఎక్కడిదంటారా, మొదటిసారి ఏం జరిగిందో వినండి.

వెళ్లింది ఐదుగురం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పెద్దది, ఐదేళ్ల చిన్నోడు, మా అత్తగారు. పిల్లలిద్దరికీ పొద్దుటి క్లాసు ముందే బుక్ చేశాం. పెద్దవాళ్లకూ బిగినర్ ప్యాకేజీ ఉంది: అద్దె స్కీలు, క్లాసు, కింది లిఫ్టుల వరకే పాస్, మూడూ కలిపి. మా ఆవిడ అది తీసుకుంది. నేను తీసుకోలేదు. వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని వీడియోలు చూశాను కదా, సైకిల్ తొక్కేవాడికి ఇదెంత అని ధీమా. క్లాసు డబ్బులు మిగిల్చి కొండంతా తిరిగే ఫుల్ డే పాస్ కొన్నాను. తర్వాత లెక్క చూసుకుంటే ఆ పాస్ మీద నేను ఎక్కింది ఒక్కసారి.

స్కీయింగ్ గురించి రాసేవాళ్లంతా తెల్లటి కొండలు, నీలి ఆకాశం అని మొదలుపెడతారు. అసలు రోజు మొదలయ్యేది తడి సాక్సుల వాసన వేసే అద్దె హాల్లో, బెంచీ మీద. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందువైపు ఆనీ ఆననట్టు తగలాలి. మోకాళ్లు వంచి ముందుకు వాలితే వేళ్లు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. అంత బిగుతు బూటు జన్మలో వేసుకుని ఉండం కాబట్టి అందరం ఒక సైజు పెద్దది అడుగుతాం. అడగొద్దు. బూటు వదులైతే మీరు ఒకవైపు తిరగాలనుకుంటారు, స్కీ ఇంకోవైపు పోతుంది. చలి అని రెండు జతల సాక్సులు తొడగొద్దు. రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే పల్చటి జత ఒక్కటి చాలు. లోపలి థర్మల్ ప్యాంటు అంచు బూట్లోకి పోకుండా చూసుకోండి. చిన్నోడు పదినిమిషాలకోసారి కాలు నొప్పి అంటుంటే గారాలు పోతున్నాడనుకున్నాం. విప్పి చూస్తే ప్యాంటు అంచు పిక్క మీద ఎర్రగా తాడులా అచ్చుపడి ఉంది. జీన్స్ ప్యాంట్లతో వచ్చినవాళ్ల గురించి చెప్పక్కర్లేదు, నూలు బట్ట ఒకసారి తడిస్తే ఇక ఆ రోజు ఆరదు.

ఇంకో మాట. పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లడం బూట్లు వేయకముందే అయిపోవాలి. వేశాక గుర్తొస్తే మీ పాట్లు మీవి.

అక్కడే ఎత్తు, బరువు, వయసు, స్కీయింగ్ ఎంత వచ్చు అని అడుగుతారు. క్యూలో అందరూ వింటున్నారు. నేను బరువు నాలుగు కిలోలు తగ్గించి చెప్పి, స్కీయింగ్ పర్వాలేదు, వచ్చు అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ పని లేదు. మనం పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఊడి రావాలి, రాకపోతే మెలితిరిగేది మోకాలు. ఎంత ఒత్తిడికి ఊడాలనేది మనం చెప్పిన ఆ వివరాలను బట్టే బిగిస్తారు. నా అబద్ధాల్లో ఒకటి దాన్ని వదులు చేసేది, రెండోది బిగించేది. బూటును స్కీకి పట్టి ఉంచి, పడితే వదిలేసే ఆ బిగింపును, అంటే బైండింగును, నార్వేలో పుట్టిన యాల్మార్ హ్వామ్ అనే స్కీయర్ 1937లో కనిపెట్టాడు, తన కాలు విరగ్గొట్టుకున్నాక. ఆయన కాలు విరిగి పుట్టిన లెక్కలో నేను నాలుగు కిలోల మొహమాటం కలిపాను.

పిల్లల్ని క్లాసులో దింపాను. ఆ స్థలం చూస్తే నవ్వొచ్చింది. నేల మీద పరిచిన బెల్టు ఒకటి మెల్లగా పైకి పాకుతుంటే పిల్లలు దాని మీద బొమ్మల్లా నిలబడి పోతున్నారు. మ్యాజిక్ కార్పెట్ అంటారు దాన్ని. నాకిది కాదులే అనుకుని నేరుగా కుర్చీ లిఫ్టు దగ్గరికి పోయాను. పైనుంచి కింద దాకా మ్యాపులో ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న దారి ఉంది, ఆకుపచ్చ అంటే సులువు, వీడియోలో చెప్పారు. ఆ రంగులు ఆ కొండ మీది మిగతా దారులతో పోల్చి ఇచ్చినవని మాత్రం చెప్పలేదు. ఒకచోట ఆకుపచ్చ ఇంకోచోటి నీలం కంటే కష్టంగా ఉండొచ్చు. పైగా అమెరికా, కెనడాల్లో ఆకుపచ్చ గుండ్రం, నీలి చతురస్రం, నల్ల డైమండ్ అయితే, యూరప్‌లో చాలాచోట్ల నీలం సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. ఏ దేశంలో ఉన్నారో చూసుకుని మ్యాపు చదవండి.

కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ల వెనక తగిలింది, ఎలాగో కూలబడ్డాను. పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ మనవడు. కింద చెట్ల కొమ్మల మీద మంచు, స్కీల మొనలు గాల్లో వేలాడుతూ, చప్పుడే లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో నాకు నచ్చిన ఐదు నిమిషాలు అవే. ఫోటో తీద్దామని కుడి గ్లవ్ నోటితో పట్టి లాగి ఒళ్లో పెట్టుకున్నాను. ఫోటో బాగానే వచ్చింది. గ్లవ్ జారి కింద ఎక్కడో చెట్ల మధ్య పడింది. మనవడు వంగి చూసి, తర్వాత జాలిగా నా చెయ్యి వైపు చూశాడు.

దిగే చోటు వస్తోంది. వీడియోలో అంతా చెప్పారు: మొనలు పైకెత్తు, స్కీలు నేలకు ఆనగానే లేచి నిలబడు, కుర్చీ నెట్టినట్టే నేరుగా జారిపో. పెద్దావిడా మనవడూ అలాగే పోయారు. నేను లేచాను, కానీ కుర్చీ అంచు వదల్లేదు. ఎందుకు వదల్లేదని ఇప్పటికీ మా పెద్దది అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు. కుర్చీ పక్కకు తిరుగుతోంది, నేనూ దానితో పాటే తిరిగాను, ఎడమ స్కీ కుడిదాని మీదికెక్కింది, నేను పక్కకు ఒరిగి ముందు దిగినవాళ్ల దారిలోనే పడ్డాను. లిఫ్టు నడిపే గదిలో కూర్చున్న కుర్రాడు బటన్ నొక్కాడు. లిఫ్టు ఆగిపోయింది. కొండ కింద నుంచి పైదాకా ఎన్ని కుర్చీలుంటే అన్నీ గాల్లో ఊగుతూ ఆగిపోయాయి, అందరి చూపూ ఇటే. తర్వాత చదివాను, మొట్టమొదటి కుర్చీ లిఫ్టు 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో పెట్టారట. జేమ్స్ కర్రన్ అనే రైల్వే ఇంజనీరు, ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రం చూసి ఆ ఆలోచన చేశాడట. నా విషయంలో ఆయన ఊహ సరిపోయింది. నన్ను ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పక్కన పెట్టింది అచ్చం గెల దించినట్టే.

అక్కడి నుంచి కిందికి చూస్తే సులువైన దారి నాకు గోడలా కనిపించింది. మొనలు దగ్గరికి, వెనక భాగాలు దూరంగా పెడితే వేగం తగ్గుతుందని తెలుసు. తెలిసింది తలకే, తొడలకు కాదు. పది గజాలు జారడం, పడడం. లేవడానికీ ఒక పద్ధతుంది: స్కీలు రెండూ మీకు దిగువన, వాలుకు అడ్డంగా పెట్టుకుని లేవాలి. అడ్డంగా పెట్టకుండా మొనలు కిందివైపు చూసేలా పెడితే లేవకముందే బయల్దేరిపోతారు. అలా రెండుసార్లు కూర్చునే బయల్దేరాను. చివరికి స్కీలు విప్పి భుజాన వేసుకుని, కుడి చెయ్యి జాకెట్ జేబులో దోపుకుని, అంచు వెంబడి నడిచాను. ఆ బూట్లతో నడవడమంటే రెండు కాళ్లకూ సిమెంటు పోసినట్టే. గంట పైనే పట్టింది.

మధ్యలో ఒకచోట ఆరుగురు దారికి అడ్డంగా నిలబడి గ్రూప్ సెల్ఫీ తీసుకుంటున్నారు. ఎగువ నుంచి వచ్చేవాళ్లకు వాళ్లు కనబడరు, ఎందుకంటే అది చిన్న మెట్టకు సరిగ్గా కిందిభాగం. కొండ మీద ముందున్నవాడిదే హక్కు, వెనక నుంచి వచ్చేవాడే తప్పించుకోవాలి, నిజమే. కానీ ఆగాలంటే పక్కకు, పైవాళ్లకు కనబడేచోట ఆగాలని కూడా ఆ నియమాల్లోనే ఉంటుంది. ఇది మీ పిల్లలకు లిఫ్టు ఎక్కకముందే చెప్పండి. (నేను కూడా దారి మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. కాకపోతే ఫోటో కోసం కాదు.)

దారి కింద పిల్లల వాలులో కలిసే చోట మా పెద్దదాని క్లాసు నిలబడి ఉంది. భుజాన స్కీలతో దిగుతున్న నన్ను చూసి అది కేక పెట్టింది: "నాన్నా, పిజ్జా పెట్టాలి, పిజ్జా!" స్కీలను ముందు కలిపి వెనక విడదీసే ఆ ఆకారానికి పిల్లల క్లాసుల్లో పెట్టుకున్న పేరది. టీచరు నవ్వాపుకున్నాడు. పెద్దది చేసి చూపించింది, చక్కగా ఆగింది కూడా. వెనకే మా ఆవిడ తన క్లాసువాళ్లతో ఎస్ ఆకారంలో మలుపులు తిరుగుతూ వచ్చింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంత జరిగాక కూడా నాకు బుద్ధి రాలేదు చూడండి. మధ్యాహ్నం చిన్నోణ్ని నేను ఆడిస్తానని తీసుకెళ్లాను. పొద్దున టీచరు దగ్గర వాడు విమానంలా చేతులు చాపి నాలుగుసార్లు పడకుండా వచ్చాడని మా అత్తగారు చెప్పారు. నా దగ్గర మొదటి ఐదు నిమిషాల్లో నేనన్న మాటలు: మోకాళ్లు వంచు, ముందుకు చూడు, కింద చూడకు, నేను చెప్పింది వినవేం. వాడు మంచులో వెల్లకిలా పడుకుని లేవనన్నాడు. వాడికి బూటు నొప్పి కూడా ఉందనుకోండి, కానీ అసలు నొప్పి నేనే. టీచరు చెబితే ఆట, అదే మాట నాన్న చెబితే తిట్టు. ఏ పిల్లలైనా అంతే. మావాళ్లు బాగా వింటారు అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి ఐదేళ్లవాడికి స్కీలు కట్టి చూడండి.

ఇక అత్తగారు. ఆవిడ స్కీలు కట్టుకోరు కదా, సామాన్లు చూసుకుంటారులే అనుకుని తీసుకెళ్లాం, సిగ్గుపడుతూనే చెబుతున్నా. ప్రతి రిసార్టూ తనది ఫ్యామిలీ ఫ్రెండ్లీ అనే చెప్పుకుంటుంది. మీరు బుక్ చేసేముందు మూడు సంగతులు చూడండి: కొత్తవాళ్ల వాలు వేగంగా వచ్చేవాళ్ల దారికి విడిగా ఉందా, అక్కడ కార్పెట్ లిఫ్టు ఉందా, వెచ్చగా లోపల కూర్చున్నవాళ్లకు కిటికీలోంచి ఆ వాలు కనబడుతుందా. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మాకు అదృష్టవశాత్తూ కనబడింది, ఆవిడ పొద్దుట్నుంచీ పిల్లలిద్దర్నీ చూస్తూనే ఉన్నారు, నా గెల దించుడు మాత్రం ఆ కిటికీలోంచి కనబడదు. సాయంత్రం ట్యూబింగ్ దగ్గరికి తీసుకెళ్తే, పెద్ద గాలి ట్యూబులో కూర్చుని మూడుసార్లు జారారు. మూడోసారి ఒక్కరే.

ఎండ సంగతి మర్చిపోబోయాను. కొత్త మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకే కొడతాయి. నాకు ముక్కు కింద, గడ్డం కింద కాలింది, టోపీ పెట్టుకుని లాభం లేకపోయింది. క్రీమ్ అక్కడ కూడా రాయండి, పిల్లలకు గాగుల్స్ తప్పనిసరి. సాయంత్రం కాళ్లు అలిసిపోయి, మంచు గడ్డలు గడ్డలుగా చెదిరిపోయాక "చివరిగా ఒక్కసారి" అంటారు పిల్లలు. వద్దనండి, ట్యూబింగ్‌కి తీసుకెళ్లండి.

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాం. బరువు నిజమే చెప్పాను, బిగినర్ క్లాసు తీసుకున్నాను, పొద్దుటంతా ఆ కార్పెట్ మీదే నిలబడ్డాను. బయల్దేరే ముందురోజు అత్తగారు పిల్లల గ్లవ్స్ రెండిటినీ తాడుతో కలిపి, తాడు జాకెట్ చేతుల్లోంచి దూర్చి కుట్టారు. కుట్టిన జాకెట్లు సోఫా మీద వరసగా పెట్టారు. మూడున్నాయి, మూడోది నాది.