మన బొగ్గు, మన బాయిలరు

ప్రశ్న: నెల్లూరు జిల్లా నేలటూరు థర్మల్ కేంద్రానికి ఓడల్లో బొగ్గు వస్తోంది. దేశంలో ఇన్ని గనులుండగా బయటి బొగ్గు ఎందుకు? వనరులు చాలకా, టెక్నాలజీ చాలకా?
– ఓ పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: ఓడలో వచ్చేదంతా విదేశీ బొగ్గు కాదు. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైల్లో పారాదీప్ చేరి, అక్కణ్ణుంచి సముద్రం మీద నేలటూరు దగ్గరి కృష్ణపట్నం రేవుకు వస్తుంది. మన ఇబ్బంది టన్నులతో కాదు, నాణ్యతతో. మన గోండ్వానా (కోట్ల ఏళ్ల నాటి రాతిపొరల) బొగ్గు ఏర్పడే నాడే మట్టి, ఇసుక అందులో కలిసిపోయాయి. అందుకే బూడిద 35–45 శాతం. వాషరీలో కడిగితే రాళ్లు పోతాయి గానీ లోపల అల్లుకున్న మట్టి పోదు.

లెక్క చూడండి. 40 శాతం సామర్థ్యంతో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 2,150 కిలో కేలరీలు కావాలి. కిలోకు 3,500 ఇచ్చే బొగ్గయితే 610 గ్రాములు. 800 మెగావాట్ల సెట్టు (బాయిలరు, టర్బైను, జనరేటరు కలిపి) రోజంతా పూర్తి లోడుతో నడిస్తే దాదాపు 11,800 టన్నులు మండుతుంది, 40 శాతం లెక్కన 4,700 టన్నుల బూడిద మిగులుతుంది. కిలోకు 5,000 ఇచ్చే విదేశీ బొగ్గయితే 8,300 టన్నులు సరిపోతుంది.

అలాగని అంతా ఇండోనేషియా బొగ్గే వేయలేం. అది త్వరగా అంటుకునే రకం. బొగ్గును పొడి చేసే మిల్లు దాటే గాలి వేడి తగ్గించకపోతే పొడి మిల్లులోనే మండుతుంది. యార్డులో వదులుగా పోస్తే గాలి చేరి దానంతటదే రాజుకుంటుంది. డోజరుతో అణగదొక్కాలి, పాత నిల్వ ముందు వాడాలి.

మన బొగ్గు బాధ వేరు. బూడిదలోని ఇసుక ఎకనమైజర్ (పొగ వేడితో బాయిలరు నీటిని వేడిచేసే భాగం) ట్యూబులను అరగదీస్తుంది. ఒక్క ట్యూబు చిల్లుపడినా సెట్టు ఆపి, చల్లారాక వెల్డింగ్ చేయాలి. అందుకే ఇక్కడి బాయిలర్లను వెడల్పుగా, ఎత్తుగా కట్టి పొగ వేగం తగ్గిస్తారు. ఈ నేర్పు మన ఇంజినీర్లకు ఉంది, నాకైతే అసలైన టెక్నాలజీ అదే. ఇక అక్టోబరు–డిసెంబరు వానల్లో ఏ బొగ్గయినా తడిసి, మిల్లుకు బొగ్గు అందించే ఫీడర్లలో పట్టేస్తుంది, మిల్లు ఆరబెట్టలేక లోడు పడిపోతుంది.

ప్రశ్న: సూపర్ క్రిటికల్ వల్ల లాభమేమిటి?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పీడనం 221 బార్లు, వేడి 374 డిగ్రీల సెల్సియస్ దాటితే నీటికీ ఆవిరికీ తేడా ఉండదు. ఆ పైన నడిపేదే సూపర్ క్రిటికల్ సెట్టు, అందులో సామర్థ్యం పెరుగుతుంది. 36 శాతం సామర్థ్యమున్న పాత సెట్టుతో పోలిస్తే 40 శాతం సెట్టులో యూనిట్‌కు 70 గ్రాముల బొగ్గు ఆదా. కానీ ఇందులో నీటినీ ఆవిరినీ వేరుచేసే డ్రమ్ము ఉండదు, ఉప్పును బ్లోడౌన్‌తో (కొంత నీరు వదిలేసి) బయటికి పంపే వీలూ ఉండదు. సముద్రపు నీటితో ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చే కండెన్సరులో సన్న చిల్లు పడినా ఉప్పు టర్బైన్ బ్లేడ్ల దాకా వెళ్లగలదు. నీటి కండక్టివిటీ (ఉప్పు చేరితే పెరిగే విద్యుత్ వాహకత) పెరగగానే లోడు తగ్గించి, కండెన్సరులో చిల్లు ఉన్న సగాన్ని వేరుచేసి, కారుతున్న ట్యూబుకు రెండు వైపులా బిరడా బిగించాలి.