హాబీ ఫొటోగ్రాఫరు ఏ సాఫ్ట్‌వేర్ వాడితే చట్టానికి లోబడినట్టు?

సందేహం: మాది హన్మకొండ. ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడిని. ఫొటోగ్రఫీ నా హాబీ. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ, మేడారం జాతర, రామప్ప, లక్నవరం... సెలవు దొరికితే కెమెరాతో బయలుదేరతాను. రెండేళ్ల క్రితం కంప్యూటర్ కొన్నప్పుడు దుకాణదారు పేరున్న ఒక ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చారు. బిల్లులో దాని ప్రస్తావన లేదు. అది దొంగ కాపీ అని, పోలీసులు పట్టుకుంటే జైలేనని ఒక మిత్రుడు అంటున్నారు. ఈ మధ్య బంధువుల ఇంట నిశ్చితార్థానికి ఫొటోలు తీసి, దానిలోనే ఎడిట్ చేసి ఇచ్చాను. వారు ఐదు వేలు ఇచ్చారు. చందా కట్టి అసలు సాఫ్ట్‌వేర్ తీసుకుందామంటే, ఏడాది ఒప్పందమని, మధ్యలో మానేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టాలని మరొకరు భయపెట్టారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫొటోలు అమ్ముకోవచ్చా? నేను ఏది ఎంచుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది దొంగ కాపీ ఒక్కటే కాదు, ఆ ఐదు వేలు కూడా. ఎందుకో చెబుతాను.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనల కోవలోకే వస్తుంది. దొంగ కాపీని తెలిసి తెలిసి కంప్యూటర్‌లో వాడడం సెక్షన్ 63బి కింద నేరం. శిక్ష ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేలకు తగ్గకుండా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. అయితే అదే సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఆ ప్రోగ్రాంను లాభం కోసం గానీ, వ్యాపారంలో భాగంగా గానీ వాడకపోతే, తగిన ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి, కోర్టు జైలు శిక్ష లేకుండా 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు. బతుకమ్మ ఫొటోలు మీ సంతోషం కోసం దిద్దుకున్నంత కాలం మీరు ఈ వెసులుబాటు అడగగలిగేవారు. నిశ్చితార్థం ఫొటోలకు డబ్బు తీసుకున్న రోజున ఆ వాదన బలహీనపడింది. మొత్తం చిన్నదే కదా అని మీరు అనవచ్చు. చట్టం లాభం అన్నదే గానీ, ఎంత లాభం అన్నది చెప్పలేదు.

ఆ సెక్షన్‌లో ‘తెలిసి’ అన్న మాట కూడా ఉంది. దుకాణదారు వేసి ఇస్తే నాకేం తెలుసు అని నిన్నటి వరకు మీరు నిజాయితీగా చెప్పగలిగేవారు. మిత్రుడు హెచ్చరించిన తరువాత, నాకు ఈ ఉత్తరం రాసిన తరువాత, ఆ మాట నిలవడం కష్టం. కాబట్టి ఆ కాపీని ఈరోజే తొలగించండి. దానితోపాటు వచ్చే క్రాక్ ఫైళ్లను (సాఫ్ట్‌వేర్ తాళాన్ని తప్పించే ఫైళ్లను) కూడా ఉంచవద్దు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాఫ్ట్‌వేర్ తాళాన్ని ఛేదించడం 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ కింద విడిగా నేరం, రెండేళ్ల వరకు జైలు. ఒక జాగ్రత్త: మీకు ఇప్పటికే కంపెనీ నుంచి గానీ పోలీసుల నుంచి గానీ నోటీసు వచ్చి ఉంటే మాత్రం దేనినీ ముట్టుకోకుండా ముందు న్యాయవాదిని కలవండి. నోటీసు వచ్చాక తుడిచేస్తే సాక్ష్యం మాయం చేశారన్న మాట పడుతుంది.

ఇక జైలు భయం. కాపీరైట్ ఉల్లంఘనకు శిక్ష విధించే సెక్షన్ 63 కింది నేరం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకనిది) అని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో తేల్చింది. 63బికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లే గనుక దానికీ ఇదే వర్తిస్తుందని వాదించే వీలుంది. అందువల్ల మీ మిత్రుడి భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని అదే సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఇప్పుడు నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35 కింద ముందుగా హాజరు నోటీసు ఇచ్చే పద్ధతి ఉంది. కాబట్టి రాత్రికి రాత్రి ఇంటికొచ్చి తీసుకెళతారని నిద్ర మానుకోకండి.

దుకాణదారు సంగతి. సాఫ్ట్‌వేర్ అసలైనదేనని ఆయన వాట్సాప్‌లోనో, కొటేషన్‌లోనో రాసి ఇచ్చి ఉంటే దాన్ని భద్రపరచండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. మీరు కొని రెండేళ్లు అంటున్నారు గనుక తేదీ వెంటనే చూసుకోండి. రాతపూర్వకంగా ఏమీ లేకపోతే ఆ గొడవ వదిలేయడమే మేలని నా అభిప్రాయం. బిల్లులో లేని వస్తువుకు బిల్లు ఇచ్చినవారిని బాధ్యుణ్ణి చేయడం చాలా కష్టం.

ఇప్పుడు ఎంపిక. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా మీ చేతికి వచ్చేది సొంతిల్లు కాదు, అద్దె ఇల్లు. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో లైసెన్సు అనే అద్దె ఒప్పందంలో ఉంటుంది. ఫీచర్ల పట్టిక చూసే ముందు అది చూడండి. వ్యక్తిగత అవసరానికే ఉచితం అని ఉంటే, బంధువుల నిశ్చితార్థానికి డబ్బు తీసుకున్న రోజున మీరు గీత దాటినట్టే. విద్యార్థులకు, అధ్యాపకులకు తగ్గింపు ధరకు ఇచ్చే లైసెన్సులు ఉంటాయి. మీరు అధ్యాపకులు గనుక అవి మీకు నచ్చవచ్చు. కానీ వాణిజ్య వినియోగం గురించి వాటిలో ఏముందో చదివాకే తీసుకోండి.

మీలాంటి వారికి నేను మనస్ఫూర్తిగా చెప్పేది స్వేచ్ఛా లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్లు. రా ఫైళ్లకు (కెమెరా దిద్దకుండా ఇచ్చే మూల ఫైళ్లకు) డార్క్‌టేబుల్, రా థెరపీ. లేయర్లతో (పొరలతో) పనికి, మచ్చలు దిద్దడానికి గింప్. వేల ఫొటోలను సర్దుకోవడానికి డిజికామ్. ఇవన్నీ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్నాయి. ఇంట్లో వాడుకున్నా, డబ్బు తీసుకుని పనిచేసినా ఆ లైసెన్సుకు తేడా లేదు. దాని షరతులు సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు పంచేటప్పుడు వర్తిస్తాయి గానీ, దానితో దిద్దిన ఫొటోకు కాదు. మీ ఫొటోలు నిశ్చింతగా అమ్ముకోవచ్చు. మీ కెమెరా కంపెనీ వైపు కూడా ఒకసారి చూడండి. నికాన్ వారి ఎన్‌ఎక్స్ స్టూడియో, కానన్ వారి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ డబ్బు కట్టకుండా దొరుకుతాయి. ఒక ఇబ్బంది దాచను: ఆల్బం డిజైనర్లు ఇచ్చే పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైళ్లను గింప్ తెరుస్తుంది గానీ అన్ని లేయర్లూ, ఎఫెక్టులూ యథాతథంగా రాకపోవచ్చు. ప్రింటు వేయించుకోవడమే మీ పని అయితే టిఫ్, జేపెగ్ ఫైళ్లు చాలు. ఆల్బం పని పెరిగితే అప్పుడు చందా గురించి ఆలోచించండి.

చందా తీసుకునే ముందు ఒక్క వాక్యం వెతకండి. నెలవారీ ఒప్పందమా, లేక ఏడాది ఒప్పందానికి నెలవారీ చెల్లింపా? రెంటికీ బటన్లు ఒకేలా కనిపిస్తాయి. మధ్యలో ఆపితే సగం కట్టాలన్న షరతు రెండో రకంలో ఉండవచ్చు. రద్దు చేసే దారిని కావాలని చిక్కుముడిగా పెడితే అది 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (వినియోగదారులను మభ్యపెట్టే వెబ్‌సైట్, యాప్ డిజైన్ల) మార్గదర్శకాల్లో చెప్పిన చందా ఉచ్చు కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అప్పటికీ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా మీరు నివసించే చోటే వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కాకపోతే ఒప్పందమే అన్యాయమైనదని వాదించదలిస్తే అది హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్ పరిధి. ఒక సంగతి గుర్తుంచుకోండి. బ్యాంకులో ఆటో చెల్లింపు ఆపేసినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. రద్దు లేఖ ముందు పంపండి, చెల్లింపు తరువాత ఆపండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. దొంగ సాఫ్ట్‌వేర్‌తో దిద్దారు గనుక మీ ఫొటోల మీద మీ హక్కు పోదు. తీసినవారే ఫొటోకు కర్త. బతుకమ్మ, మేడారం ఫొటోలు మీవే. మీ జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు వాటికి రక్షణ ఉంటుంది. నిశ్చితార్థం ఫొటోల సంగతి మాత్రం వేరు. ఎవరైనా అడిగి, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారేనని కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చెబుతోంది. ఐదు వేలు మీరు అడిగి తీసుకున్నారా, వారు ప్రేమతో చేతిలో పెట్టారా అన్నది ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఏదేమైనా, ఆ ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు వారి అనుమతి తీసుకోండి. బంధువులే కదా అని నోటిమాటతో ఊరుకోవద్దు. ‘మా నిశ్చితార్థం ఫొటోలను మీ పేరుతో ప్రదర్శించుకోవడానికి మాకు అభ్యంతరం లేదు’ అని వాట్సాప్‌లో ఒక్క సందేశం చాలు. దాన్నీ, కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఏ తేదీన ఎక్కడి నుంచి దించుకున్నారో ఆ వివరాన్నీ, చందా తీసుకుంటే బిల్లునూ, ఆరోజున్న షరతుల పేజీ నకలునూ ఒకే ఫోల్డరులో పెట్టుకోండి.