అబ్బాయిని కిచెన్‌లో తిడుతున్నారు, పని మానేయమని చెప్పేదా?

ప్రశ్న: మావాడు ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఎమ్మెస్ చదువుతూ సాయంత్రాలు ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పనికి పోతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో ఉండగా వెనక నుంచి ఎవరో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే ఆ పాడు మాట పెట్టి గట్టిగా అరిచారు. మావాడు తల తిప్పి చూసి నవ్వినాడు. అదేమిరా అంటే 'ఇక్కడ అందరూ అట్లే మాట్లాడతారు నాయనా' అంటాడు. మా ఇంటా వంటా లేని మాటలు. వాళ్ళమ్మకు ఒకటే టెన్షన్. పని మానేయమని చెప్పేదా?
- ఒక తండ్రి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: తొందరపడొద్దన్నా. ముందు మీవాడిని ఒకటి అడగండి. ఆ అరుపు వాడి మీదా, వాడి ముందు పొయ్యి మీద మాడిపోతున్న కూర మీదా? సగం దిగులు అక్కడే తీరుతుంది.

నేను అదే దేశంలో కార్క్ అనే ఊళ్ళో ఆస్పత్రి నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక తిరుపతికి వచ్చేసినదాన్ని. అక్కడున్నన్నాళ్ళూ ఆ మాట నా చెవిన పడని రోజు లేదు. అయినా నన్ను తిట్టడానికి దాన్ని వాడినవాళ్ళు అరుదు. వాన ఆగకపోతే ఆ మాట, బస్సు లేటయితే ఆ మాట, టీ బాగా కుదిరితే మెచ్చుకోవడానికీ ఆ మాటే. దాని ఘాటు తగ్గించి 'ఫెక్' అని ఇంకొకటి పెట్టుకున్నారు. అదైతే అమ్మల నోటా వస్తుంది, అమ్మమ్మల నోటా వస్తుంది.

అట్లని ఎక్కడబడితే అక్కడ వాగరు. చర్చిలో, ఇంటర్వ్యూలో, కొత్తగా పరిచయమైన పెద్దావిడ ముందు నోరు కట్టేసుకుంటారు. అట్లా నోరు కట్టేసుకున్న పెద్దమనిషే వాళ్ళ దేశవాళీ ఆట గేలిక్ ఫుట్‌బాల్ చూడటానికి డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంకు పోయినాడనుకోండి, అక్కడ 82 వేల మందికి పైగా పడతారు, రెఫరీ విజిల్ ఒకటి తేడా కొడితే ఆ రెఫరీ పుట్టుపూర్వోత్తరాలన్నీ గాల్లోకి లేస్తాయి. హోటల్ కిచెన్ అనేది ఇంచుమించు ఆ స్టేడియం లెక్కే. ఆర్డర్లు మీద పడుతుంటే అక్కడ సుమతీ శతకం ఎవరూ వల్లించరు.

ఇంకో సంగతి. వాళ్ళలో స్లాగింగ్ అని ఒక అలవాటుంది. స్నేహితుల్ని ఎగతాళి చేయడం. అది మామూలు ఎగతాళి కాదు, మన దగ్గర అంటే పెళ్ళి సంబంధం చెడిపోయేంత ఎగతాళి! నేను క్యారియర్ మూత తీస్తే చాలు, ఎర్రకారం వాసనకు మా వార్డు పోర్టర్ 'ఫైరింజన్‌ను పిలవండర్రా' అని కేక పెట్టేవాడు, దానికి ముందొక బూతు, వెనకొక బూతు. మంచు పడి బస్సులు ఆగిపోయిన రాత్రి డ్యూటీ దిగాక నన్ను కారులో ఇంటి దగ్గర దింపిందీ ఆ పోర్టరే. గిట్టనివాళ్ళతో వాళ్ళు మహా మర్యాదగా ఉంటారు. మీవాడితో ఎగతాళులు ఆగిపోయి, మాటలు మరీ నున్నగా రావడం మొదలైందంటే, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయండి.

వాళ్ళ పార్లమెంటులోనూ ఆ మాట దొర్లింది. 2009 డిసెంబర్‌లో సంక్షేమ భత్యాల కోత మీద చర్చ వేడెక్కినప్పుడు, దిగువసభలో గ్రీన్ పార్టీ సభ్యుడు పాల్ గోగార్టీ లేబర్ పార్టీ సభ్యుడు ఎమ్మెట్ స్టాగ్ మీద ఆ మాట విసిరాడు. అదీ ఎట్లా? తమరి మీద పూర్తి గౌరవంతో, సభకు తగని భాషలో చెబుతున్నానని ముందుగా మనవి చేసుకుని మరీ! వెంటనే క్షమాపణ కూడా చెప్పాడు. తర్వాత సభలో అనకూడని మాటల జాబితా తీసి చూస్తే పిరికివాడు, కపటి, ఎలుక, విదూషకుడు లాంటివన్నీ ఉన్నాయి గానీ ఈ మాట మాత్రం లేదు. నాకు ఇందులో వాళ్ళ స్వభావమే కనిపిస్తుంది. కపటి అంటే మనిషి గుణానికి మచ్చ, ఆ మచ్చను వాళ్ళు మర్చిపోరు. ఎఫ్ మాట సాయంత్రానికి ఆవిరైపోతుంది.

'మా ఇంటా వంటా లేదు' అన్నారు. మీ ఇంట్లో లేదేమో గానీ, మన వైపు లేదనొద్దు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టిన పిల్లోళ్ళు నోటికొచ్చిన బూతులు తిడుతూ వీధులు తిరుగుతారు. దాక్కున్న పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు వేషాలు మార్చుకుని తిరిగిందని కథ. జాతర రోజుల్లో ఆ తిట్లు మొక్కులో భాగం. జాతర ముగిశాక అదే తిట్టు తీర్థకట్ట వీధిలో ఎవడైనా అని చూడమనండి, ముఖం వాచిపోతుంది. ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో మనకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు, పెరుగుతూ తెలుసుకున్నాం. మీవాడూ అక్కడ ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు.

అయితే ఒక్కదాని దగ్గర నేను రాజీ పడను. రంగును పట్టి, దేశాన్ని పట్టి మీవాణ్ణి ఏదన్నా అంటే, అందులో బూతు ఒక్కటి లేకపోయినా సరే, అది అలవాటు కాదు. 'ఇక్కడ అందరూ అంతే' అని ఎవరు సర్దిచెప్పినా వినొద్దు. అక్కడి ఉద్యోగ సమానత్వ చట్టాల్లో జాతి పేరుతో వేధించడం నిషేధం. వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్ అని 2015లో పెట్టారు, దానికి ఫిర్యాదు చేయొచ్చు. జరిగిన నాటి నుంచి ఆరు నెలల్లోపు చేయాలి, కాబట్టి తేదీ, టైము, ఎవరు విన్నారు అన్నది ఫోన్‌లో రాసి పెట్టుకోమనండి. ఇక వీధిలో ఎవడైనా గొడవ పెట్టుకోవాలనే ఉద్దేశంతో బెదిరించేలా, అవమానించేలా తిడితే 1994 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం ప్రకారం అది నేరం. గార్డా అంటే అక్కడి పోలీసు. వాళ్ళకు చెప్పుకోవడానికి భయం అక్కర్లేదు.

ప్రశ్న: మాటకు ముందొక 'జీసస్' అంటారట కదా మేడం ఐరిష్ వాళ్ళు. మరి అంత భక్తి ఉన్న దేశమని చెబుతారే?
- బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: భక్తి ఉండబట్టే ఆ పేరు నోట్లో నానుతోంది. కొండ కిందే ఉంటూ మనం చీటీ డబ్బులు మునిగితే 'గోవిందా' అనడం లేదా?

మా వార్డులో కెర్రీ వైపు నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె ఉండేది. సాయంత్రం ఆరింటికి టీవీలో ఏంజెలస్ అనే ప్రార్థన గంట మోగుతుంది, అక్కడి ప్రభుత్వ చానెల్ రోజూ వేస్తుంది. గంట మోగినంతసేపూ జపమాల పట్టుకుని కళ్ళు మూసుకునేది. గంట ఆగగానే 'జీసస్, మేరీ, జోసెఫ్! ఈ మంచం మీద ఎవరు పడుకుంటారు' అని మొదలుపెట్టేది. మనవడు ఎఫ్ మాట అంటే మాత్రం చెవి మెలిపెట్టేది. ఆమెకు ఐరిష్ భాష వచ్చు. ఆ భాషలో పాతకాలపు శాపం ఒకటుంది: నిన్ను పిల్లి తినా, ఆ పిల్లిని దయ్యం తినా! మన అవ్వలు 'నీ నోట్లో మన్ను పడ' అన్నంత ధాటిగా ఉంటుంది. ఈ కాలం పిల్లలు ఒక్క ఎఫ్ మాటనే అన్నిటికీ వాడి దాని పస తీసేశారని నాకు కొంచెం బాధే.

చట్టం సంగతికొస్తే, దైవదూషణ నేరమని 1937 నాటి వాళ్ళ రాజ్యాంగంలోనే ఉండేది. 2009లో 25,000 యూరోల దాకా జరిమానా అని కొత్త చట్టం కూడా తెచ్చారు. ఆ చట్టం కింద ఒక్కరినీ కోర్టుకు లాగలేదు. 2018 అక్టోబర్‌లో రెఫరెండం పెడితే సుమారు 65 శాతం మంది దైవదూషణ నేరమన్న మాటను రాజ్యాంగం నుంచి తీసేయమన్నారు.

ప్రశ్న: నర్సుగా ఐర్లండ్‌లోని లిమరిక్ పోతున్నాను అక్కా. వాళ్ళతో కలిసిపోవాలంటే నేనూ అట్లా మాట్లాడటం నేర్చుకోవాలా?
- పలమనేరు

జవాబు: వద్దమ్మా. వాళ్ళ నోట్లో అది పుట్టినప్పటి నుంచి ఉంది, నీ నోట్లో అద్దెకు తెచ్చుకున్నట్టుంటుంది. పేషెంట్ల ముందు, వాళ్ళ చుట్టాల ముందు అసలే వద్దు. వాళ్ళు అంటే ముఖం ముడుచుకోకు, అంతే చాలు. ఎట్లున్నావంటే 'గ్రాండ్' అను, బాగున్నానని దానర్థం. బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కు థాంక్స్ చెప్పు, అక్కడ అందరూ చెబుతారు. నిన్ను ఎగతాళి చేస్తే ఊరుకోకుండా తిరిగి ఒకటి అంటించు, బూతు లేకుండానే. పలమనేరు పిల్లవి, అది నేను నేర్పాలా?