పార్టీ చానల్ రోజూ చూస్తే అభిప్రాయం మారుతుందా?

మారుతుంది. అయితే అబద్ధాల వల్ల కన్నా, ఏది చూపించాలి, ఏది వదిలేయాలన్న ఎంపిక వల్లే ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మంచినీటి పథకమే తీసుకోండి. ఒక చానల్ కొత్త ట్యాంకు, రిబ్బన్ కటింగ్ చూపిస్తుంది. ఇంకోటి నీళ్లు రాని కుళాయి, బిందెల వరస చూపిస్తుంది. రెండూ నిజమే కావచ్చు. పలాసలో పక్కపక్క ఇళ్లవాళ్లు వేర్వేరు ఊళ్లలో ఉన్నట్టు మాట్లాడుకునేది అందుకే.

దీన్ని కొలిచారు కూడా. 2020 సెప్టెంబరులో అమెరికాలో, రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ చూసే కొందరికి గంటకు 15 డాలర్లిచ్చి, వారానికి 7 గంటల దాకా ఆ మొగ్గు లేని సీఎన్‌ఎన్ చూపించారు. కోవిడ్ లాంటి విషయాల్లో వాళ్లకు తెలిసినవీ, కొన్ని అభిప్రాయాలూ మారాయి. డబ్బులు ఆగాక పాత చానల్‌కే పోయారు, మార్పు చాలావరకు చెరిగిపోయింది. అంటే పని చేసేది ఒక్క కథనం కాదు, రోజువారీ మోత.

ఓటు మాత్రం అంత తేలిగ్గా కదలదు. ఫాక్స్ కేబుల్‌లోకి వచ్చిన ఊళ్లలో 1996, 2000 అధ్యక్ష ఎన్నికల మధ్య రిపబ్లికన్లకు అదనంగా వచ్చింది 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లని ఒక అంచనా. చిన్నదే అనుకోకండి: లక్షన్నర ఓట్లు పోలయ్యే నియోజకవర్గంలో 0.5 అంటే 750 ఓట్లు.

మీరే చూడాలంటే, ఒకే రోజు రెండు పత్రికల శ్రీకాకుళం జిల్లా పేజీలు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో అసలు లేని వార్తల కింద గీత గీయండి. ఎన్నికల ఏడాదైతే వారం చాలు.